పెద్దవాగు ఒడ్డున మూడు ఉదయాలు

నా ఫోన్‌లో ‘లెక్క’ అనే నోట్ ఒకటుంది. జర్మనీ వచ్చిన మొదటి వారంలో మొదలుపెట్టాను. బ్రెడ్డు, పాలు, లాండ్రీ, రూమ్మేట్‌కి ఇవ్వాల్సిన రెండు యూరోలు, అన్నీ అందులోనే. జూలైలో ఒక రాత్రి అందులో ఇలా రాసుకున్నాను: విమానం రానూపోనూ 44. సెవిల్ ఎయిర్‌పోర్టు నుంచి కోర్దోబాకి బస్సులు రానూపోనూ 32. హాస్టల్ మూడు రాత్రులు 42. మొత్తం 118. చేతిలో ఉన్నది 150. మిగిలేది 32. అంటే తిండికీ, చూడ్డానికీ, అనుకోకుండా వచ్చి పడే ఖర్చులకీ కలిపి రోజుకి పది యూరోలు.

ఆ నూటయాభై రెండు రాత్రులు గోడౌన్‌లో పార్సెళ్ళు మోస్తే వచ్చిన డబ్బు. నా కష్టార్జితమే. కానీ చదువు కోసం తీసుకున్న అప్పు మీద నెలనెలా వడ్డీ హైదరాబాద్‌లో బాపు కడుతున్నాడు. ఆయన ఎలక్ట్రీషియన్. నూటయాభై యూరోలంటే మన డబ్బుల్లో దాదాపు పద్నాలుగు వేలు, ఒక నెల వడ్డీ కన్నా ఎక్కువ. ఈ లెక్క నోట్‌లో రాసుకోలేదు. రాయకపోతే మర్చిపోతానా?

బాపుకి మాత్రం, “పరీక్షలున్నయి, నాలుగు రోజులు లైబ్రరీలనే ఉంట, ఫోన్ ఎత్తకపోతే పరేషాన్ కాకు” అని చెప్పాను.

కోర్దోబానే ఎందుకంటే గొప్ప కారణమేమీ లేదు. అందరూ బార్సెలోనా వెళ్తారు, అక్కడ మంచం ఖరీదు నాకు అందదు. సెవిల్‌కి టికెట్ చవగ్గా దొరికింది. జూలైలో కోర్దోబా మండిపోతుంది కాబట్టి తెలివైనవాళ్ళు అటు రారు, అందుకని హాస్టళ్ళు రేట్లు దించుతాయి. ఇంకొకటి, ఆ ఊరు ప్రపంచ ప్రసిద్ధి పొందిన కట్టడం మెస్కీతాకి మామూలుగా పది యూరోలు దాటే టికెట్టు ఉంటుంది, కానీ సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ప్రవేశం ఉచితం. ఆ ఒక్క గంట కోసం నేను మూడు రాత్రుల హాస్టల్ బుక్ చేశాను. ఇది పొదుపో పిచ్చో నాకిప్పటికీ తేలలేదు.

*

మంగళవారం సాయంత్రం ఐదింటికి బస్సు దిగితే నలభై రెండు డిగ్రీలు. రామగుండం గుర్తొచ్చింది. మా మేనత్త వాళ్ళది ఆ ఊరే, ఎండాకాలం సెలవులకి వెళ్ళేవాళ్ళం. అక్కడ మధ్యాహ్నం పూట మనుషులు ఎలా మాయమైపోతారో ఇక్కడా అంతే. షట్టర్లన్నీ దించేసి, వీధులన్నీ ఖాళీ. జర్మన్ స్నేహితులు భయపెట్టిన ఎండ నాకు పాత చుట్టంలా అనిపించింది. గోడ నీడ పట్టుకుని నడవడం, తువ్వాలు తడిపి మెడకి చుట్టుకోవడం, ఇవి నాకొకరు నేర్పాలా?

పాతబస్తీ సందులన్నీ ఆ నీడ కోసమే కట్టినట్టుంటాయి. ఎదురెదురు ఇళ్ళ గోడలు ఎంత దగ్గరంటే రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయేమో అనిపించే చోట్లున్నాయి. తెల్లసున్నం గోడలు, వాటికి వేలాడే పూలకుండీలు. ఇళ్ళ నడిమధ్యలో పాత హైదరాబాదు ఇళ్ళలో ఉండే దాలాన్, ఆంగన్ లాంటి ఖాళీ జాగా. ఇక్కడ దాన్ని పాతియో అంటారు. మే నెలలో ఈ పాతియోల పండుగ జరుగుతుంది, ఇంటివాళ్ళు తలుపులు తెరిచి ఎవరొచ్చినా చూడనిస్తారు. నేను వెళ్ళింది జూలైలో. ఇనుప కటకటాల్లోంచి తొంగి చూడ్డమే నా వంతు. దానికీ టికెట్ లేదు.

చీకటి పడ్డాక నది దగ్గరికి వెళ్ళాను. పదహారు కమానుల రోమన్ వంతెన, దాని అవతల కాలాఓర్రా బురుజు, ఇవతల ఒడ్డున అల్బొలాఫియా అనే పాత నీటిచక్రం. ఊరు ఊరంతా అప్పుడే నిద్ర లేచినట్టు పిల్లాపాపలతో వంతెన మీదే ఉంది. నది పేరు గ్వాదల్‌కివీర్. నాలిక తిరగని ఈ పేరు ఎక్కడిదా అని వెతికితే, అరబ్బీలో ‘అల్ వాదీ అల్ కబీర్’ అట. వాదీ అంటే వాగు, కబీర్ అంటే పెద్ద. పెద్దవాగు! కోరుట్ల దగ్గర మా ఊరి పక్కన పారేదీ పెద్దవాగే. చిన్నప్పుడు మేం చెలిమలు తవ్వుకున్న వాగు పేరుని స్పెయిన్‌లో ఒక మహానది పెట్టుకుందని తెలిసి వంతెన మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్కన ఐస్‌క్రీమ్ తింటున్న ముసలాయన నన్ను అదోలా చూశాడు.

*

బుధవారం ఎనిమిదింటికే వెళ్ళి నిలబడ్డాను. బయట నారింజ చెట్ల ఆవరణ, దాంట్లోకి ఎప్పుడైనా ఉచితమే. చెట్టు నుంచి చెట్టుకి సన్నటి నీటి కాలువలు. వెనక గంటల గోపురం. దాని కడుపులో పాత మినార్ ఇంకా ఉంది, దాని చుట్టూనే గోపురం కట్టారు. ఎనిమిదిన్నరకి తలుపు తీశారు.

మొదటి ఉదయం గురించి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గంటే ఉంది, ఉచితంగా వచ్చిన గంట, ఒక్క నిమిషం కూడా పోకూడదు అన్న ఆత్రంలో పరుగులు పెట్టి రెండు వందల ఫొటోలు తీశాను. ఎర్ర చార, తెల్ల చార, ఎర్ర చార, తెల్ల చార. ఎటు చూసినా స్తంభాలు, వాటి మీద కమాను, ఆ కమాను మీద ఇంకో కమాను. బయటికొచ్చాక ఏం చూశావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. ఫోన్ చూసింది, నేను చూడలేదు.

ఆ పగలంతా చవకగా తిరిగాను. యూదుల వాడలో 1315 నాటి చిన్న సినగాగ్ ఉంది. మధ్యయుగాల సినగాగ్‌లు స్పెయిన్ మొత్తంలో ఇలా నిలిచినవి చాలా తక్కువ, వాటిలో రెండు తొలేదోలో ఉన్నాయి. గేటు దగ్గరావిడ ఏ దేశమని అడిగింది. యూరోపియన్ యూనియన్ వాళ్ళకి ఉచితం, బయటివాళ్ళకి ముప్ఫై సెంట్లు. ఇండియా అన్నాను. ముప్ఫై సెంట్లు చేతిలో పెట్టాను. వీసాల కోసం నేను కట్టిన ఫీజులన్నిటితో పోలిస్తే పరాయిదానివి అని చెప్పడానికి ఇంత తక్కువ పుచ్చుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

లోపల ఒక గదంత జాగా. గోడల మీద సున్నపు పూత, అందులో చెక్కిన హీబ్రూ అక్షరాలు. 1492లో యూదుల్ని దేశం నుంచి వెళ్ళగొట్టాక ఈ గది కుక్కకాటు రోగుల ఆసుపత్రి అయింది, తర్వాత చెప్పులు కుట్టేవాళ్ళ సంఘానికి ప్రార్థనా మందిరమయింది. ఇదే ఊళ్ళో పన్నెండో శతాబ్దంలో మైమోనిడిస్, ఇబ్న్ రుష్ద్ పుట్టారు. ఒకరు యూదు, ఒకరు ముస్లిం, ఇద్దరూ వైద్యులే, ఇద్దరూ అరిస్టాటిల్ని చదివినవాళ్ళే. ఇద్దరూ ఈ ఊరు వదిలి వెళ్ళాల్సి వచ్చినవాళ్ళే, ఇద్దరూ పరాయి చోటే చనిపోయారు. ఇప్పుడు ఇద్దరికీ విగ్రహాలున్నాయి. మైమోనిడిస్ పాదం యాత్రికుల చేతులు తగిలి తగిలి మెరుస్తోంది.

మధ్యాహ్నం మెస్కీతా గోడకి ఎదురు సందులో ఒక బార్‌లో నాలుగు యూరోలు పెట్టి సాల్మొరేఖో తిన్నాను. టమాటా, పాత రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి మెత్తగా రుబ్బి చల్లగా ఇస్తారు. మిగిలిపోయిన రొట్టె పారేయడం ఇష్టంలేని బీదింటి వంట ఇది, మన చద్దన్నం లాగా. బ్యాగ్‌లో ఉన్న కారప్పొడి చాటుగా ఒక చిటికెడు చల్లాను. సర్వర్ కుర్రాడు చూసి వేలితో అద్దుకుని రుచి చూశాడు. తర్వాత ఒక గ్లాసు నీళ్ళు తాగి, ఇంకొంచెం అడిగాడు.

*

హాస్టల్ వంటింట్లో రబాత్ నుంచి వచ్చిన అమ్మాయి పరిచయమైంది. మద్రిద్‌లో చదువుకుంటోంది, నాలాగే లెక్కల మనిషి. నేను శనగల డబ్బా తెరిచాను, తను ఉల్లిపాయలు తరిగింది. తను కూడా పొద్దున్నే ఉచిత గంటకి వెళ్ళొచ్చిందట. ఎలా ఉంది అన్నాను.

“మెహ్రాబ్ ముందు నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు” అంది.

అక్కడ ముస్లింలు నమాజు చేయడానికి అనుమతి లేదు. 1236లో కాస్తీల్ రాజు మూడో ఫెర్నాందో ఊరు గెలిచినప్పటి నుంచీ అది చర్చి. మోకాళ్ళ మీద కూర్చుంటే కాపలావాళ్ళు వచ్చి లేపుతారు. “నేనేమీ చేయబోలేదు. అసలు నేను రోజూ నమాజు చదివే మనిషినే కాదు. కానీ వద్దంటారని తెలుసు కదా, అందుకని చేతులు బరువెక్కాయి” అంది. ఏమనాలో తెలియక శనగలు కలుపుతూ ఉన్నాను. ఒక ప్రార్థనా స్థలం ఎవరిది, ముందు ఎవరిది, దాని కింద ఏముంది అన్న ప్రశ్నలు మన దేశంలో పెరిగినవాళ్ళకి కొత్తవి కావు. వాటికి జవాబులు చెప్పేవాళ్ళ గొంతులు ఎలా ఉంటాయో కూడా తెలుసు. ఆ అమ్మాయి గొంతు అలా లేదు. అలసటగా ఉంది.

రెండో ఉదయం ఫోన్ జేబులోనే ఉంచుకున్నాను. ఒక్క ఫొటో మాత్రం, లోపలికి రాగానే తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాను. తర్వాత ఒక స్తంభం పక్కన నేల మీద చతికిలబడ్డాను. అప్పుడు కనబడింది, స్తంభాలు ఒకదానికొకటి సరిపోవు. ఒకటి నల్లగా, ఒకటి గులాబీ రంగు, ఒకటి నున్నగా, ఒకటి గీతలు చెక్కి. తలల మీది చెక్కడాలు కూడా ఒకే పోలికలో లేవు. ఎందుకంటే ఇవి కొత్తవి కావు. 785 ప్రాంతంలో అబ్ద్ అర్ రహ్మాన్ ఈ మసీదు మొదలుపెట్టినప్పుడు పాత రోమన్ కట్టడాల నుంచి, విసిగోతుల కట్టడాల నుంచి దొరికిన స్తంభాలు తెచ్చి నిలబెట్టారు.

ఆయన కథ నాకు ముందు కొంచెం తెలుసు. 750లో అబ్బాసీలు ఉమయ్యద్ వంశాన్ని ఊచకోత కోస్తే తప్పించుకుని, యూఫ్రటీస్ నది ఈది, ఉత్తరాఫ్రికా అంతా తలదాచుకుంటూ వచ్చిన కుర్రాడు. 756లో కోర్దోబా ఆయన చేతికొచ్చింది. ఇక్కడొక ఖర్జూర చెట్టుని చూసి, నువ్వూ నాలాగే సొంత నేలకి దూరమైనదానివే అన్న అర్థంలో పద్యం చెప్పాడని అంటారు. డమాస్కస్‌కి మళ్ళీ వెళ్ళలేదు. పరాయి దేశంలో ఉంటున్నాను కదా అని ఆయనతో నన్ను పోల్చుకోబోయి ఆగిపోయాను. ఆయన వెనక కత్తులున్నాయి, నా వెనక బ్యాంకు ఉంది. అంతే తేడా అనడానికి లేదు, చాలా తేడా.

కానీ ఆయన కట్టుబడివాళ్ళకి వచ్చిన ఇబ్బంది మాత్రం నాకు బాగా అర్థమైంది. దొరికిన స్తంభాలు పొట్టివి. అంత పెద్ద హాలుకి కప్పు అంత కిందికి ఉంటే ఊపిరాడదు. కొత్త పొడవాటి స్తంభాలు చెక్కించడం ఒక దారి. వాళ్ళు అది చేయలేదు. పొట్టి స్తంభం మీద కమాను కట్టి, దాని పైన మళ్ళీ దిమ్మె లేపి ఇంకో కమాను కట్టారు. కప్పు పైకి లేచింది, గాలి ఆడింది. ఎర్ర ఇటుక కొంత, తెల్ల రాయి కొంత. ప్రపంచమంతా ఫొటోలు తీసుకునే ఆ రెండంతస్తుల కమాను, పాత సామానుతో సర్దుకోవాల్సి వచ్చినవాళ్ళు కనిపెట్టిన ఉపాయం.

దీనికి ఇంకో కొస ఉంది. తర్వాతి రెండు వందల ఏళ్ళలో మసీదుని మూడుసార్లు పెంచారు. ఆఖరిసారి 987 ప్రాంతంలో, ఖలీఫా పేరు మీద పెత్తనం చేసిన అల్ మన్సూర్ హయాంలో. అప్పటికి కోర్దోబా యూరప్‌లోని అతిపెద్ద నగరాల్లో ఒకటి. దక్షిణాన నది అడ్డం, అందుకని తూర్పు వైపు ఎనిమిది వరసలు కలిపారు. ఆ భాగంలోకి నడిచి వెళ్ళి తలెత్తి చూస్తే, చారలు ఇటుకా రాయీ కావు. మొత్తం రాయే, దాని మీద ఎర్ర రంగు పూత. లేనప్పుడు నిజమైన చార కట్టారు, ఉన్నప్పుడు రంగు వేశారు. అక్కడ నిలబడి చాలాసేపు నవ్వుకున్నాను. మొత్తం 856 స్తంభాలు మిగిలాయంటారు. నేను నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాను.

నడిమధ్యలో స్తంభాల అడవి తెగి, ఒక్కసారిగా తెల్లటి వెలుతురు, బంగారం, ఆకాశమంత కప్పు ఉన్న చర్చి వస్తుంది. 1523లో దీన్ని కట్టడానికి మసీదు మధ్య భాగం కూల్చబోతే ఊరి పాలకమండలే అడ్డుపడింది. పని చేసిన కూలీకి మరణశిక్ష అని చాటింపు కూడా వేయించింది. క్రైస్తవ ఊరు, క్రైస్తవ పెద్దలు, మసీదు కోసం బిషప్‌తో గొడవపడ్డారు. చివరికి ఐదో చార్లెస్ చక్రవర్తి అనుమతిచ్చాడు. తర్వాత వచ్చి చూసి, ఎక్కడా లేనిదాన్ని పాడుచేసి ఎక్కడైనా ఉండేదాన్ని కట్టారు అని బాధపడ్డాడని చెప్పుకుంటారు. నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత, చర్చిగా వాడుకోబట్టే మిగతా స్తంభాలు కూలకుండా మిగిలాయేమో అనిపించింది. ఆ రెండో ఆలోచన రాగానే రబాత్ అమ్మాయి చేతులు గుర్తొచ్చాయి. రెండూ నిజమే అయితే ఎలా సర్దుకోవాలో నాకు తెలియదు. సరిగ్గా అప్పుడే మాస్‌కి వేళయిందని మమ్మల్ని బయటికి పంపేశారు.

*

బయటికొచ్చి ఫోన్ చూస్తే బాపు నుంచి వాయిస్ మెసేజ్. గుండె జారింది. స్టేటస్! బాపు టైప్ చేయడు, కానీ రోజూ పడుకునే ముందూ లేచాకా అందరి స్టేటస్‌లూ వరసబెట్టి చూస్తాడు. దాచాల్సిన మనిషిని దాచకుండా పెట్టేశాను.

నారింజ చెట్టు కింద కూర్చుని చెవి దగ్గర పెట్టుకున్నాను. “గిది ఏడిదే బిడ్డా? మన బేగంపేట మజీదు లెక్కనే ఉన్నది గదా. రంగు వేరున్నది గని కమాన్లు గట్లనే ఉంటయి, గుర్రం నాడ లెక్క. నేను ఆడ రంజాన్‌ల ఫ్యాన్లు బిగించిన.” అంతే. నువ్వెక్కడున్నావని అడగలేదు.

బాపు పొరపడ్డాడనుకున్నాను. అన్ని మసీదులూ ఒకేలా కనబడతాయిలే ఈయనకి, అనుకున్నాను. బేగంపేటలో ఆ మసీదు ముందు నుంచి బస్సులో ఎన్ని వందలసార్లు వెళ్ళానో. చర్చిలాగా మొనదేలిన శిఖరాలుంటాయి, స్పానిష్ మాస్క్ అంటారు. అంటారు కాబట్టి అంటారు, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఆ చెట్టు కిందే కూర్చుని వెతికాను. పైగా వంశపు నవాబు ఇక్బాల్ ఉద్ దౌలా స్పెయిన్ వెళ్ళి, కోర్దోబా మసీదు చూసి మనసు పడి, బేగంపేటలో అలాంటిది కట్టించ తలపెట్టాడు. 1906 నాటికి పూర్తయింది.

అంటే నేను మూడు రోజులుగా చూస్తున్నదాని బొమ్మ మా ఇంటికి అరగంట దూరంలో నూరేళ్ళకి పైగా ఉంది. దాన్ని నేను బస్సు కిటికీలోంచి చూశాను. బాపు నిచ్చెన వేసుకుని దాని కమానుల పక్కన నిలబడి వైర్లు లాగాడు.

ఆ రోజంతా ఫోన్ చేయలేకపోయాను. సూపర్ మార్కెట్లో సగం పుచ్చకాయ కొన్నాను, ఒకటీ నలభై. సాయంత్రం పెద్దవాగు ఒడ్డున రబాత్ అమ్మాయీ నేనూ చెంచాలతో తవ్వుకుని తిన్నాం.

*

శుక్రవారం మూడో ఉదయం. మెహ్రాబ్ ముందు నిలబడ్డాను. బైజాంటియం నుంచి తెప్పించిన గాజు ముక్కలతో చేశారంటారు, బంగారు కాంతి. నాకేమీ ప్రార్థన రాదు, కానీ నా చేతులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకున్నాను. తర్వాత మొన్న కూర్చున్న స్తంభం దగ్గరికే వెళ్ళి కూర్చున్నాను. టికెట్ కొని ఉంటే ఒక్కసారి చూసి వెళ్ళిపోయేదాన్ని.

తొమ్మిదిన్నరకి బయటికొచ్చి బాపుకి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, అన్నం వేళ.

“బాపూ, నేను లైబ్రరీల లేను.”

“ఎరుకే. లైబ్రరీల గన్ని కంబాలు ఉంటయా?”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. స్పెయిన్ అని చెప్పాను. ఎంతయింది అన్నాడు. నూటయాభై అన్నాను. అవతల నిశ్శబ్దం. తొంభైతో హెచ్చవేస్తున్నాడని తెలుసు, నేనూ రోజూ చేసే పనే.

“నాకు చెప్పి పోతే వద్దంటనా?” అన్నాడు. నేను మాట్లాడలేదు. కాసేపాగి ఆయనే అన్నాడు. “ఏమో. అందునేమో.”

ఆ మాటకి నా కళ్ళు నిండాయి. వద్దనకపోదునని అబద్ధం చెప్పి నన్ను ఊరడించొచ్చు. చెప్పలేదు.

తర్వాత గొంతు మార్చి, “గని గా కమాన్ మీద ఇంకో కమాన్ ఎందుకు పెట్టిన్రు? బేగంపేటల గట్ల లేదు” అన్నాడు. స్తంభాలు పాతవనీ, పొట్టివనీ, ఎత్తు కోసం అలా లేపారనీ చెప్పాను. పనిమంతుడు ఇంకో పనిమంతుడి పని విన్నప్పుడు చేసే చిన్న శబ్దం ఒకటుంటుంది, అది చేశాడు.

“పాత సామాన్‌తోని కొత్త ఇల్లు. మేం రోజు చేసేది గదే గదా” అన్నాడు. ఇంకా, “ఈసారి నువ్వొచ్చినంక బేగంపేటకు పోదాం, లోపలికి. మేస్త్రీ తెల్సినోడే. గదీ ఫిరీనే.”

బస్సెక్కాక లెక్క రాసుకున్నాను. నాలుగు యూరోల చిల్లర మిగిలింది. ఆ నెల వడ్డీ బాపు పదో తారీఖుకే కట్టేశాడని అమ్మ తర్వాత చెప్పింది.